తెల్ల గొట్టాల ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఆయన ఇంట్లో ఉన్నాడు. మొగుడు ఇంట్లో ఉండటం కూడా ఒక కథేనా అని మీరు నవ్వితే నవ్వండి. పెళ్లయిన నాటి నుంచి సిద్ధార్థ్ నాకు సెలవుల ముక్కల్లోనే దొరికాడు. ఏప్రిల్‌లో మా వాడకట్టంతా చేసుకునే జయంతికి నాలుగు రోజులు, ఎడ్ల పండగ పోలాకు ఇంకో నాలుగు, చుట్టాల్లో ఎవరైనా పోతే దినాలకు రెండు. మిగతా ఏడాదంతా వాపిలో, రాయపూర్‌లో, తూత్తుకుడిలో, ఏ ఫ్యాక్టరీ తన మురికినీళ్లను శుభ్రం చేసుకోవాలనుకుంటే ఆ ఫ్యాక్టరీ గోడ పక్కన రేకుల గదిలో ఉండేవాడు.

ఆయన పని మెంబ్రేన్లు. కాగితం కంటే పల్చటి పొరలను చాప చుట్టినట్టు చుట్టి, పైన తెల్లటి తొడుగు వేసి, బారెడు గొట్టాల్లా తయారు చేస్తారు. మురికినీళ్లను గట్టిగా తోస్తే నీళ్లు మాత్రం ఆ పొరల్లోంచి దూరి అవతలికి వస్తాయి, ఉప్పూ మురికీ ఇవతలే ఆగిపోతాయి. ఇప్పుడు దేశంలో ఫ్యాక్టరీలన్నీ వీటి వెంట పడ్డాయట, కంపెనీలు పోటీలు పడి అమ్ముతున్నాయట. అమ్మిన చోటల్లా బిగించి, నడిపించి చూపే మనిషి ఒకడు కావాలి. ఆ ఒకడు నా మొగుడే కావాలా అని ఫోన్లో ఎన్నిసార్లు పోట్లాడానో నాకే గుర్తు లేదు. పోనీ వెంట వెళ్లిపోదామంటే నాది బామ్ని ఆరోగ్య ఉపకేంద్రంలో సిస్టర్ ఉద్యోగం. తాతల కాలంలో ఒకరి పొలంలో నాట్లేసి, ఒకరి కల్లంలో వడ్లు మోసిన ఇళ్లు మావి. అలాంటి ఇంటికి వచ్చిన సర్కారీ నౌకరీని వదిలేస్తానంటే మా అత్తమ్మ పోశమ్మ నన్ను గడప దాటనిస్తుందా?

మా ఊరు సిరొంచ దాటాక బామ్ని తోవలో విలాస్ సేట్‌ది ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి మర పడతారు. నానబెట్టిన నీళ్లు గోధుమరంగులో, పులిసిన కంపు కొడుతూ వాగులోకి పోయేవి. వాగు కింది రైతులు అర్జీల మీద అర్జీలు పెట్టారు. చివరికి కాలుష్యం చూసే సార్లు వచ్చి, ఇకమీదట చుక్క నీరు కూడా మిల్లు గోడ దాటకూడదని, ఆ నీళ్లనే శుభ్రం చేసుకుని మళ్లీ వాడుకోవాలని నోటీసు ఇచ్చి పోయారు. అది తెలిసి నీళ్ల కంపెనీల వాళ్లంతా మిల్లు ముందు వాలారు. సేట్ గీసి గీసి బేరమాడే మనిషి. ఎవరి మాటా నమ్మలేదు.

"కాగితాల మీద అందరి నీళ్లు తెల్లగనే ఉంటయి. ఒక సీజన్ నా మిల్లుల నడిపి చూపెట్టుండ్రి. నచ్చితె కొంట, లేకుంటె మీ డబ్బ మీరు తీస్కపోవాలె," అన్నాడట.

అట్లా ఇంకో కంపెనీతో పాటు మా ఆయన కంపెనీ కూడా చిన్న మిషన్ ఒకటి లారీలో పంపింది. ఇల్లు ఇక్కడే కాబట్టి గది కిరాయి తప్పుతుందని మిషన్ వెంట మా ఆయన్నే పంపింది. మొదటిరోజే సేట్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, తమ్ముడిని పిలిచినట్టు, "ఇది మంచిగ నడిస్తె పెద్ద ప్లాంట్ కొంట సిద్ధార్థ్ భావు. దాన్ని చూసుకునేటందుకు నిన్నే పెట్టుకుంట. ఇంటికాడ ఉండి నౌకరి చేసుకో," అన్నాడు. ఈ మాట ఆయన వచ్చి నాకు చెబుతున్నప్పుడు పొయ్యి మీది పాలు పొంగి బూడిదపాలయ్యాయి. మామూలుగా అయితే అత్తమ్మ ఇల్లు పీకి పందిరి వేసేది. ఆ రోజు ఆమె కూడా చూసుకోలేదు.

మిషన్ మొదలైన వారానికి సిద్ధార్థ్ ఒక సీసాలో నీళ్లు తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టాడు. ఆమె సీసాను ఎండకు ఎత్తి, తిప్పి, మూత తీసి వాసన చూసింది.

"గా కుడితి నీళ్లల్లకెళ్లి గిసొంటి నీళ్లు తీసినవా కొడుకా?"

"గవే అమ్మా."

"మంత్రం ఏమన్న ఏసినవా?"

"మంత్రం లేదు, మాయ లేదు. ముందు ఇసుకల వడపోత, ఎనుక మెంబ్రేన్ల వడపోత."

అత్తమ్మ ఆ సీసాను వాడకట్టు మొత్తం తిప్పింది. నా కొడుకు కుడితిని గంగ చేసిండని ఇంటింటికీ చెప్పి, సాయంత్రానికి గొంతు పోగొట్టుకుని వచ్చింది.

మెంబ్రేన్ నాకు సవతి లాంటిదని ఆయన్ను ఏడిపించేదాన్ని. దానికి ఎండ తగలకూడదు, వేడినీళ్లు పడవు, నూనె చుక్క తగిలితే అలుగుతుంది. గొట్టాన్ని మిషన్లోకి దూర్చేముందు ఆయన చేతులకు గ్లిజరిన్ రాసుకునేవాడు. అన్ని రోజులు ఇనుముతో పని చేసినా అందుకే ఆ చేతులు మెత్తగా ఉండేవి. ఆ సంగతి నాకు ఆ ఎండాకాలమే తెలిసింది. ఇంకా చాలా తెలిశాయి. చాయ్ తాగేటప్పుడు చప్పుడు చేస్తాడని, చెప్పులు ఎప్పుడూ తలకిందులుగా విడుస్తాడని, కాకరకాయ కూరంటే ప్రాణమని, నేను మందలిస్తే లోపల్లోపల సంతోషపడతాడని. ఒక మనిషి గురించి తెలియాల్సినవి ఇవే కదా. సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరం చుట్టాల్లా మర్యాదగా ఉండేవాళ్లం. ఇప్పుడు కూరలో ఉప్పు తక్కువైందని పోట్లాడుకుంటున్నాం. ఆ పోట్లాట కోసం నేను ఎంత మొహం వాచిపోయి ఉన్నానో ఎవరికి చెప్పుకోను?

డ్యూటీ ముగించుకుని వస్తూ మిల్లు దగ్గర ఆగితే, స్కూటీ వెనక ఎక్కి కూర్చునేవాడు. నన్నే నడపమనేవాడు. ప్రాణహిత ఒడ్డుకు పోయి కూర్చునేవాళ్లం. నది సన్నబడి, అవతల తెలంగాణ ఇసుక తెల్లగా కనబడేది.

"సేట్ కొంటడంటవా?" అని రోజూ అడిగేదాన్ని.

"కొంటడు. గిప్పటిదాక ఒక్క దినం గూడ నీళ్లు తగ్గలే. రెండో కంపెనోళ్లది ఇంక చౌక గని, వాళ్లది గింత మంచిగ నడుస్తలేదు."

"కొన్నంక నువ్వు యాడికి పోవు గదా?"

"యాడికి పోత? ఇగ నీ సతాయింపు వడుకుంట ఇక్కడనే ఉంట."

నేను ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పించుకునేదాన్ని. వేరే ఆడవాళ్లు బంగారం అడుగుతారు, నువ్వేంది పిల్లా అని ఆయన నవ్వేవాడు.

మే నెల నడుమ మిల్లులో బాయిలర్ గొట్టం పగిలింది. బాగు చేసే మనిషి నాగ్‌పూర్ నుంచి రావాలి, వారం పైనే మిల్లు బంద్. ఆ రేకుల షెడ్డులో మెంబ్రేన్లను కదలకుండా ఉంచితే వేడికి పాడవుతాయని సిద్ధార్థ్ వాటిని విప్పి ఇంటికి తెచ్చాడు. వెనక గదిలో నీలం డ్రమ్ములో మందు కలిపిన నీళ్లు పోసి, వాటిని నిలువునా ముంచి పెట్టాడు. అగ్గిపుల్ల గీసినట్టు ఘాటైన వాసన గదంతా కమ్మింది.

"ఏం వాసన రా ఇది? గవి కుళ్లుతయేమో సూడు," అంది అత్తమ్మ ముక్కు మూసుకుని.

"కుళ్లకుండ మందేసిన అమ్మా. నువ్వు డ్రమ్ము జోలికి పోకు, చేతులు మండుతయి."

నాకు మాత్రం వివరంగా చెప్పాడు. మెంబ్రేన్ ఒకసారి తడిసిందంటే మళ్లీ ఆరకూడదట. ఆరితే పొరలోని కంటికి కనపడని రంధ్రాలు ముడుచుకుపోతాయి, ఇక నీళ్లు దూరవు. అత్తమ్మకు ఈ ముక్క చెప్పాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. చేతులు మండుతాయంటే చాలనుకున్నాం.

మర్నాడు ఆయన నీళ్ల పరీక్ష రిపోర్టు కోసం, కంపెనీ సార్‌ను కలవడం కోసం నాగ్‌పూర్ వెళ్లాడు. అదే రోజు నన్ను నాలుగు రోజులు కమలాపూర్ ఆరోగ్య శిబిరానికి వేశారు. ఏనుగుల క్యాంపు దగ్గరి బడిలో మకాం. ఇంట్లో అత్తమ్మ ఒక్కతే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు అహేరీ బస్టాండులో ఇద్దరం కలిశాం. ముందే అనుకుని ఆయన నా కోసం రెండు బస్సులు వదిలేశాడు. సీట్లో కూర్చోగానే నా చెవిలో, "రిపోర్ట్ మస్తు వచ్చింది," అన్నాడు. మిల్లు తెరిచే రోజుకే సేట్ గోండియా నుంచి, గోదావరి అవతలి నుంచి తనకు తెలిసిన మిల్లుల వాళ్లను పిలిచాడట. వాళ్ల ముందు ఒక్కసారి నడిపి చూపితే ఇక కొనడమే మిగులుతుంది. సిరొంచ వచ్చేదాకా ఇద్దరం ఇంటి గురించే మాట్లాడుకున్నాం. వెనక గదికి కిటికీ పెట్టించాలి, కొత్త కూలర్ కొనాలి. ఆయనకు వచ్చిపోవడం సులువయ్యే ఊరికి బదిలీ కోసం నేను పెట్టుకున్న అర్జీ వెనక్కి తీసుకుంటానన్నాను. అంత సంతోషంగా నేను ఆ దారిలో ఎన్నడూ ప్రయాణం చెయ్యలేదు.

వాకిట్లో అడుగు పెట్టేసరికి నులక మంచం ఎండలో వేసి ఉంది. ఒకపక్క మామిడి ఒరుగులు, ఇంకోపక్క మిరపకాయలు, నడుమ వరసగా తెల్ల గొట్టాలు. పక్కనే అత్తమ్మ కొంగు నెత్తికి కట్టుకుని, కోతులు రాకుండా కట్టె పట్టుకుని కూర్చుంది.

అత్తమ్మది వడ్లతో, ఎండతో గడిచిన బతుకు. ఆమె లెక్కలో దాచుకోవాలనుకున్నది ఏదైనా ముందు బాగా ఎండాలి. విత్తనాలైనా, ఇప్పపువ్వైనా, ఏట్లో పట్టిన చేపలైనా అంతే. తడి ఉందంటే పురుగు పడుతుంది, బూజు పడుతుంది, ఇంటి కష్టం నేలపాలవుతుంది. కొడుకు బతుకుదెరువు వెనక గదిలో నీళ్లలో నానుతూ ఘాటుగా కంపు కొడుతుంటే ఆమె మూడు రోజులు ఎట్లా ఊరుకుంటుంది?

"వచ్చినవా కొడుకా," అంటూ మొహం ఇంత చేసుకుని లేచింది. "నువ్వు వోయిన తెల్లారి సూస్తె ఆ వాసనకు నా పానం ఆగలే. కుళ్లుతున్నయనుకున్న. అన్ని తీసి, మంచినీళ్లతోని కడిగి, నీళ్లు ఒడిసేదాక నిలవెట్టి, ఇగ ఎండల వెట్టిన. దినాం అటు తిప్పిన, ఇటు తిప్పిన. నా చేతులేం మండలే. గీ మంచం ఇడిసి బువ్వకు గూడ లేవలే అనుకో."

సిద్ధార్థ్ సంచి కింద పెట్టి మంచం దగ్గరికి వెళ్లాడు. ఒక గొట్టాన్ని రెండు చేతులతో ఎత్తాడు. రోజూ బరువుగా లేచేది ఆ రోజు తేలిగ్గా లేచింది. దాన్ని కాసేపు అట్లాగే పట్టుకుని, మళ్లీ మిరపకాయల పక్కన మెల్లగా పడుకోబెట్టాడు.

"మంచిగ ఎండినయమ్మా," అన్నాడు.

"మరి ఎండయా? మూడు దినాలాయె," అని ఆమె మురిసిపోయి, మాకు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

బాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నప్పుడు నేను ఆయన్ను పట్టుకున్నాను. కోపం ఆగలేదు. "అత్తమ్మకు చెప్పవా?"

"చెప్తె ఏమొస్తది జ్యోత్స్నా? గవి మంచిగైతయా? అమ్మ ఉన్నన్ని దినాలు ఏడుస్తది."

"సేట్‌కన్న చెప్పు. జర టైం అడుగు."

"సేట్‌కు చెప్తె మిల్లుల హమాలోళ్లకు తెలుస్తది. వాళ్లంత మన వాడకట్టోళ్లే. పొద్దుగూకేవరకు అమ్మ చెవుల వడుతది."

ఊరికే మాత్రం కూర్చోలేదు. ఎండిన మెంబ్రేన్లను స్పిరిట్ కలిపిన నీళ్లలో నానబెడితే కొన్ని తేరుకుంటాయట. నేనే మెడికల్ షాపుల వెంట తిరిగి డబ్బాలు తెచ్చాను. మళ్లీ ఎందుకు తడుపుతున్నావని అత్తమ్మ అడిగితే, పై దుమ్ము పోవడానికని చెప్పాడు. కంపెనీకి ఫోన్ చేసి కొత్తవి పంపమని బతిమాలాడు. ఉన్న సరుకంతా ముందే బయానా కట్టిన గోండియాలోని ఇంకో మిల్లుకు పోతోంది, ఊరికే చూపించే మిషన్‌కు మళ్లీ మళ్లీ ఇవ్వలేమన్నారు. కొత్తవి బయటి దేశం నుంచి వచ్చేసరికి వానలు పడతాయన్నారు.

మిల్లు తెరిచిన రోజు అత్తమ్మ జయంతికి కట్టుకునే తెల్లచీర తీసి కట్టుకుంది. కొడుకు మిషన్‌ను పెద్దపెద్ద సేట్లు చూడటానికి వస్తున్నారు, తను లేకపోతే ఎట్లా? నేను వద్దన్నా వినలేదు. మిల్లు గోడ నీడలో హమాలీల ఆడవాళ్ల మధ్య కూర్చుని, ఆ గొట్టాలు కుళ్లిపోకుండా కాపాడింది తనేనని చెబుతోంది. అది నా చెవిన పడుతుంటే కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మిషన్ మొదలైంది. నీళ్లు వచ్చాయి, తెల్లగానే వచ్చాయి. కానీ అంతకుముందు పిడికిలంత ధారగా దూకిన చోట చిటికెన వేలంత కారుతున్నాయి. సిద్ధార్థ్ మీటలు తిప్పాడు, మోటార్ జోరు పెంచాడు. ధార పెరగలేదు. వచ్చిన వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండో కంపెనీ మనిషి చేతులు కట్టుకుని ఒక మూల నిలబడ్డాడు.

విలాస్ సేట్ చెడ్డవాడు కాదు. మా ఆయన్ను పక్కకు పిలిచాడు. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను.

"మొన్నటిదాక మస్తు నడిచింది గద భావు. ఏమో అయ్యింది. ఏమైందో నాకు చెప్పు. అసలు సంగతి తెలిస్తె నేను ఇంకొక నెల ఆగుత. నాకు నీ పని మీద భరోస ఉంది."

ఒక్క మాట చాలు. ఎండిపోయినయి సేట్ అంటే చాలు. నేను సిద్ధార్థ్ మొహంలోకి చూశాను, చెప్పు, చెప్పు అని లోపల కొట్టుకుంటున్నాను. ఆయన నా వైపు చూడలేదు. గోడ నీడలో తెల్లచీర కట్టుకుని, ఇటే చూస్తూ నవ్వుతున్న అత్తమ్మ వైపు చూశాడు.

"ఏం కాలే సేట్," అన్నాడు. "మా మెంబ్రేన్లకు మీ నీళ్లు వడలే."

సేట్ తల ఊపి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే రెండో కంపెనీ ప్లాంట్‌కు ఒప్పుకున్నాడు. వాళ్ల మనిషి వాళ్లకు ఉన్నాడు. మా ఆయన్ను గోండియా మిల్లుకు రమ్మని కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

వెళ్లేముందు రోజు ఇద్దరం నది దగ్గరికి పోయాం. ఆ రోజు స్కూటీ ఆయనే నడిపాడు. నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. నాకు ఆయన మీద ప్రాణం పోయేంత ప్రేమ ఉంది, ఆ రోజు అంతే కోపం ఉంది. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"నన్ను ఒక్కసారన్న యాది చేసుకున్నవా, సేట్‌తోని ఆ మాట అనేటప్పుడు?"

"నిన్నే యాది చేసుకున్న. నువ్వయితె నాతోని కొట్లాడుతవు, అలుగుతవు, మల్ల మాట్లాడుతవు. అమ్మతోని గట్ల కాదు."

ఆయన మెత్తటి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పొద్దున్నే గడ్చిరోలి బస్సు ఎక్కించి, అటునుంచి అటే డ్యూటీకి వెళ్లిపోయాను. ఏడ్చే తీరిక కూడా దొరకలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. పొయ్యి రాజెయ్యలేదు. నన్ను చూడగానే అప్పటిదాకా పట్టుకున్నది తెగింది.

"నా కొడుకు మిషన్‌ల ఎవడో చెయ్యి వెట్టిండే పిల్లా. నాకు తెలుసు. రెండు నెలలు నడిచింది ఒక్కనాడు ఎట్ల ఆగుతది? గా రెండో కంపెనోడో, ఇంకొకడో. ఇంటికాడ కడుపునిండ తిని ఉంటడనుకుంటిని. నా కొడుకును నాకు దూరం జేసినోళ్ల చేతులు పుచ్చిపోను, గా చేతులకు..."

మా వాడకట్టులో తిట్టడానికి కూర్చుంటే అత్తమ్మను మించిన వాళ్లు లేరు. నిజం చెబుతున్నాను, ఒక క్షణం తిట్టనీ అనిపించింది. నాకూ కడుపు మండుతోంది. అంతలోనే భయం వేసి, సంచి అక్కడే పడేసి, ఒక్క అంగలో పోయి ఆమె నోటికి నా చెయ్యి అడ్డం పెట్టాను.

"తిట్టకు అత్తమ్మా."

ఆమె నా చెయ్యి లాగేసింది. "ఎందుకు తిట్టద్దే? నా కొడుకు నీకు ఏం గాడా? నీ మొగుడు గాడా? నీకు మండుతలేదా?"

"మండుతంది. అయినా ఆ చేతులను తిట్టకు."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. నా మొహం చూసి తిట్లు ఆపేసింది. "ఏడ్వకు బిడ్డా, మల్ల వస్తడు తియ్యి," అని నా కళ్లు తుడవడానికి చేతులు చాచింది. మూడు రోజులు ఎండలో కూర్చుని కమిలిపోయిన తోలు ఆ చేతుల మీద ఇంకా పొరలు పొరలుగా లేస్తోంది. వాటిని రెంటినీ నా ఒళ్లోకి తీసుకుని, చీకటి పడేదాకా వదల్లేదు.